ఎవాల్వ్ అయ్యిందట!

మా ఆఫీసులో ఈ మధ్య ఎవరూ ఏదీ మార్చడం లేదు. అన్నీ వాటంతటవే ఎవాల్వ్ అవుతున్నాయి. రిక్వైర్‌మెంట్లు ఎవాల్వ్ అవుతాయి, డిజైను ఎవాల్వ్ అవుతుంది, ప్రాసెస్ అయితే చెప్పక్కర్లేదు.

ఈ క్రియకి లాటిన్‌లో చుట్టని విప్పడం అని అర్థం. పూర్వం పుస్తకాలు చుట్టలుగా ఉండేవి కదా, అలా విప్పుకుంటూ పోవడమన్నమాట. డార్విన్ 1859లో వేసిన పుస్తకం మొదటి ముద్రణలో ‘ఎవల్యూషన్’ అన్న మాటే లేదు, చిట్టచివరి పదం మాత్రం ‘ఎవాల్వ్‌డ్’. జీవులకి ఆ క్రియ బాగానే నప్పింది. ఎందుకంటే అక్కడ ఫలానాది మార్చమని మెయిల్ పంపినవాడు ఎవడూ లేడు.

మాకు మెయిల్ ఉంది. కిందటేడు మా ప్రాజెక్టులో ఒక రిపోర్టు స్క్రీనుని క్లయింటు మూడుసార్లు మార్చమన్నాడు. మూడుసార్లూ మా మేనేజరు సరేనన్నాడు, డెడ్‌లైను మాత్రం జరపలేదు. రిలీజు ఆరు వారాలు లేటు. రివ్యూలో స్లైడు మీద ఒకటే ముక్క: రిక్వైర్‌మెంట్లు ఎవాల్వ్ అయ్యాయి. కర్త మాయం! కర్త మాయమైనా తప్పు మాయమవదుగా, ఎక్కడో ఒకచోట వాలాలి. కోడు రాసిన కుర్రాడి అప్రైజల్లో వాలింది, ‘ఇతను గడువు పాటించలేదు’ అని. ఆ వాక్యానికి మాత్రం కర్త శుభ్రంగా ఉన్నాడు. ఆ ఏడాది అతనికి హైక్ రాలేదు.

తెలుగులో ఈ గారడీ కొంచెం కష్టం. ఇంగ్లీషులో ‘ఛేంజ్’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. మనకి మారడం వేరు, మార్చడం వేరు. పెరగడం వేరు, పెంచడం వేరు. అలాగని మెల్లగా జరిగే మార్పులకి మన దగ్గర మాటల కరువేం లేదు. ఆవకాయ ఊరుతుంది, మామిడిపండు మాగుతుంది, పాలు తోడుకుంటాయి. పాలు వాటంతటవే తోడుకుంటాయి, నిజమే. కానీ తోడు వేసిందెవరో ఇంట్లో అందరికీ తెలుసు. పెరుగు పులిస్తే మా అమ్మ ఎవాల్వ్ అయిందిలే అని ఊరుకోదు, ఫ్రిజ్‌లో పెట్టనిదెవరో తేలాల్సిందే.

నా స్టేటస్ మెయిళ్ళలోకి ఆ క్రియని రానివ్వడం లేదు. ఫలానా తేదీన ఫలానావారు అడిగారు, ఫలానావారు ఒప్పుకున్నారు, నాలుగు రోజుల పని పెరిగింది అని రాస్తున్నా. మొన్న మేనేజరు పిలిచి, ‘టోన్ కొంచెం హార్ష్‌గా ఉంది, మార్చు’ అన్నాడు. మార్చమన్నది ఎవరో కూడా ఆ మెయిల్లోనే రాయాలా అని ఆలోచిస్తున్నా.