టీబీ కాదన్నాక

మొదట చెడింది ముక్కు. పొద్దున లేచేసరికి లోపల గట్టిగా పక్కులు కట్టేవి, తీస్తే రక్తం. తర్వాత చెవులు మూసుకుపోయాయి, నా కుట్టుమిషన్ చప్పుడు నాకే సరిగా వినపడేది కాదు. మా ఊరు బగ్దల్‌లో కందులు కొట్టే రోజుల్లో దుమ్ముకి ముక్కు కారనివాళ్లుండరు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆపైన దగ్గు, సాయంత్రాలు జ్వరం. జాకెట్లు వదులయ్యాయి. ఒకరోజు కళ్లెలో రక్తం పడింది.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో గుల్లలు కనిపించాయి. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి దొరకలేదు. అయినా ఎక్స్‌రేని బట్టి టీబీ మందులు మొదలుపెట్టారు. మన దేశంలో అలాంటి గుల్ల కనబడితే డాక్టరుకి ముందు టీబీ గుర్తు రావడంలో వింత లేదు, ఆ తొందర వల్ల బతికినవాళ్లు ఎందరో. నా కోపం అక్కడ కాదు. మందులు మింగుతూ నేను ఇంకా చిక్కిపోతుంటే, "కోర్సు పూర్తి చెయ్యమ్మా" అని ప్రతిసారీ వెనక్కి పంపారే, దాని మీద.

ఇంట్లో నా కంచం, గ్లాసు వేరయ్యాయి. అత్త చెడ్డ మనిషి కాదు. "పిల్లలున్నరు గద బిడ్డా, జర పైలం" అంటూ అన్నం గడప దగ్గర పెట్టేది. చిన్నోడు నా పక్కనే పడుకుంటానని ఏడిస్తే ఎత్తుకుపోయేవాళ్లు. జాకెట్టు గుడ్డ ఇచ్చినవాళ్లు కుట్టకుండానే తిరిగి పట్టుకుపోయారు. ఎవరికీ అంటని జబ్బుకు ఇదంతా!

టీబీ మాత్రల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, దాంతో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు. అందుకని రంగు ముదిరినా నేను భయపడలేదు. కిడ్నీల నుంచి పోతున్న రక్తం ఆ రంగులో కలిసిపోయింది.

ఒక రాత్రి పడుకుంటే ఊపిరి అందలేదు. గోడకానుకుని తెల్లార్లూ కూర్చున్నాను. పొద్దున్నే జహీరాబాద్ మీదుగా హైదరాబాద్, నిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టాక వచ్చిన డాక్టరమ్మ ఊపిరితిత్తుల మాట ఎత్తలేదు. "ముక్కు దూలం ఎప్పట్నుంచి కుంగింది?" అని అడిగింది. రోజూ అద్దం చూసుకునే నాకు తెలియలేదు. మా ఆయన ఫోన్లో పెళ్లి ఫొటో తీసి చూపిస్తే అందరం చూశాం.

ఏఎన్‌సీఏ అనే రక్తపరీక్ష, స్కాన్, మూత్రపరీక్ష, ముక్కులోంచి తీసిన చిన్న ముక్క పరీక్ష. జబ్బు పేరు గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజైటిస్. మనల్ని కాపాడాల్సిన తెల్లరక్తకణాలు తిరగబడి సన్నటి రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తాయట. ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు దానికి ఇష్టమైన చోట్లు. నా ఊపిరితిత్తుల్లో ఆ నాళాలు చిట్లి రక్తం నిండుతోంది.

అప్పుడొచ్చింది అసలు భయం. దీనికిచ్చే స్టెరాయిడ్లు రోగనిరోధకశక్తిని అణిచేస్తాయి. ఒకవేళ నాది నిజంగా టీబీయే అయితే ఆ మందుతో అది చెలరేగుతుంది. రెండు దారుల్లో ఒకటి చంపుతుంది, ఏదో తెలియదు. ముక్కలో టీబీ ఆనవాలు లేదని రిపోర్టు వచ్చేదాకా మా ఆయన మెట్ల మీదే కూర్చున్నాడు.

మూడు రోజులు సెలైన్లో స్టెరాయిడ్, తర్వాత సైక్లోఫాస్ఫమైడ్. ఎక్కించే ముందు డాక్టరమ్మ అందర్నీ బయటికి పంపి, "ఇంకా పిల్లలు కావాలా?" అని అడిగింది, ఈ మందు గర్భధారణను దెబ్బతీయొచ్చని. ఇద్దరున్నారు, చాలన్నాను. ఆ రాత్రి ఎందుకో చాలాసేపు ఏడ్చాను. జుట్టు పలచబడింది, స్టెరాయిడ్‌కి ముఖం పూరీలా ఉబ్బింది.

ఈ మందులేవీ లేని కాలంలో ఈ జబ్బున్నవాళ్లు సగటున 5 నెలలే బతికేవారని 1958లో బ్రిటన్లో లెక్క రాశారు. సైక్లోఫాస్ఫమైడ్‌తో చాలామంది నిలబడతారని 1973లో అమెరికాలో ఫౌచీ, వుల్ఫ్ చూపించారు. కరోనా రోజుల్లో టీవీల్లో కనిపించిన ఫౌచీయే ఆయన. ఈ సంగతి చెబితే మా అత్త నమ్మలేదు.

ఇప్పుడు ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించుకుంటున్నాను. న్యుమోనియా రాకుండా సెప్ట్రాన్ మాత్ర వేసుకుంటాను. కిడ్నీలు పూర్తిగా తేరుకోలేదు, ముక్కు మళ్లీ లేవలేదు. దుమ్ములో ఉండొద్దన్నారు గానీ జూన్‌లో బడి యూనిఫాంలు వస్తే మాస్కు పెట్టుకుని మిషన్ ముందు కూర్చుంటాను. ఆ నెల సంపాదనే మందులకు దారి.