థర్మోకోల్ రెక్కకి బాల్సా తొడుగు

థర్మోకోల్ అంటే మనోళ్ళకి పెళ్ళి స్టేజీ మీద వధూవరుల పేర్లే గుర్తొస్తాయి. తిరుపతిలో ఆ పేర్లు కోసే షాపుకి మా మేనల్లుణ్ణి వెంటేసుకుని వెళ్తే, షాపాయన "పేర్లు చెప్పండి సార్, పెండ్లి ఎప్పుడు?" అన్నాడు. మాకు కావలసింది పేర్లు కాదు, రిమోట్ తో ఎగిరే మోడల్ విమానానికి ఒకటిన్నర మీటరు రెక్క!

వాడు చిత్తూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. రెండేళ్ళు దాచుకున్న డబ్బులన్నీ మోటారుకీ, బ్యాటరీకీ, రిమోట్ కీ పెట్టేశాడు. రెక్క గాల్లో విరిగిందా, అన్నీ పోయినట్టే.

కొయ్యడం ఇలాగ. దిమ్మకి ఒక పక్క పెద్ద అచ్చు, ఇంకో పక్క చిన్న అచ్చు గుచ్చి, వేడెక్కిన నైక్రోమ్ తీగని వాటి అంచుల మీద జార్చాలి. ఇద్దరుండాలి. చిన్న అచ్చు వైపు వాడు నిదానంగా లాగాలి, అయినా ఇద్దరూ ఒకేసారి ముగించాలి. అందుకని రెండు అచ్చుల మీదా ఒకటి నుంచి పది దాకా గీతలు గీసుకుని, పైకి లెక్కపెడుతూ లాగాం. రెండు థ్రెడ్లని సింక్రనైజ్ చెయ్యడమంటే ఇదే. లాకులూ గీకులూ ఏం లేవు... "నాలుగు... అయిదు... ఆగు మామా!" అంతే.

ఉత్త థర్మోకోల్ బరువు మొయ్యదు. రెక్క వంగినప్పుడు ఒత్తిడంతా పైచర్మం, కిందిచర్మం మీదే పడుతుంది. మధ్యలో ఉన్నది ఆ రెండిటినీ దూరంగా పట్టుకుని ఉంటే చాలు. అందుకే ఒకటిన్నర మిల్లీమీటర్ల బాల్సా రేకులు పైనా కిందా అతికిస్తారు. 1940లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ మస్కిటో విమానం ఒళ్ళు కూడా ఇలాంటి శాండ్విచ్చే, కాకపోతే అక్కడ బాల్సా లోపల, ప్లైవుడ్ బయట. (మన ఎర్రచందనం నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది, బాల్సా నీటి బరువులో ఆరో వంతు కూడా ఉండదు. మన అడవుల్లో ఇది పుట్టి ఉంటే ఎంత బావుండేదో.)

జిగురు దగ్గర జాగ్రత్త. చెప్పులకి వాడే రబ్బరు జిగురు థర్మోకోల్ ని తినేస్తుంది. తెల్ల ఫెవికాల్ లోపల తడి పోక రోజుల తరబడి ఆరదు. మేం ఎపాక్సీని పల్చగా పూసి, కోతలో మిగిలిన డిప్పల మధ్య రెక్కని మళ్ళీ పెట్టి, పైన పుస్తకాలు పేర్చాం. కింద బల్ల ఏమాత్రం వంకరగా ఉన్నా ఆ వంకర రెక్కలో ఉండిపోతుంది. మా అక్క వంటగట్టు మీది చిత్తూరు గ్రానైటు పనికొచ్చింది. ఒకరోజు వంట మాత్రం వరండాలోనే.

తర్వాత పరీక్ష. రెండు కొసలూ రెండు కుర్చీల మీద పెట్టి నడిమధ్య బరువు పెట్టాలి. గాల్లో బరువు రెక్కంతా పంచుకుంటుంది కాబట్టి, ఇలా నాలుగు కిలోలు మోస్తే అక్కడ ఎనిమిది మోసినట్టు లెక్క. అంటే రెండు కిలోల విమానానికి నాలుగింతలు. ముందు తొడుగు లేని రెక్క మీద ఒక ఇటుక పెడితే టప్పున విరిగింది. తొడుగేసి, నడుమ అతుకు చుట్టూ గ్లాస్ ఫైబర్ గుడ్డ చుట్టినది నాలుగు కిలోల ఇసుక సంచీకి కొంచెం వంగి ఊరుకుంది. మావాడు సంచీ తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి... నమ్మకం కుదరలేదు పాపం.

తిరుమల మీద ఇలాంటివి ఎగరెయ్యడం నిషేధం, రేణిగుంట వైపు విమానాశ్రయం. అందుకని చిత్తూరు అవతల ఎండిన చెరువులోకి వెళ్ళాం. రెండు చుట్లు తిరిగాక వాడు లూపు కొట్టాడు. ఇంకోటి. నేను మాత్రం నడుమ అతుకు వైపే చూస్తున్నా.

"చాల్లేరా, దించు" అన్నాను.

"ఇంకొక్కటి మామా!"