తాత కారు, మనుమడి పానా

క్యూబా రాజధాని హవానాకు ఉత్తరపుటంచు సముద్రం. తీరం వెంబడి సుమారు 8 కిలోమీటర్ల పొడవున సాగే మలెకోన్ రహదారిపై నిలబడిన యాత్రికునికి కాలం 1950ల వద్దనే ఆగిపోయినదా అన్న భ్రాంతి కలుగుతుంది. షెవ్రొలే, ఫోర్డ్, బ్యూక్, ప్లిమత్ - పుట్టిన దేశంలో ఏనాడో ప్రదర్శనశాలలకు చేరిన కార్లు ఇక్కడ ప్రయాణికులను ఎక్కించుకొని జీవనోపాధి కల్పిస్తున్నాయి. వాటి బొద్దు ఆకారాన్ని బట్టి జనం వాటిని ‘అల్మెంద్రోన్’ - అంటే పెద్ద బాదంకాయ - అని పిలుచుకుంటారు.

ఈ కార్లు నిలిచి ఉండడానికి మూలం పాత వస్తువుల పట్ల మోజు కాదు, అవసరం. 1959 జనవరి 1న విప్లవం విజయం సాధించింది. 1962 ఫిబ్రవరిలో అమెరికా క్యూబాతో వాణిజ్యాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. కొత్త కార్లే కాదు, ఉన్న కార్లకు విడిభాగాలు కూడా రావడం ఆగిపోయింది. తరువాత సోవియట్ దేశపు లాడాలు, మాస్క్విచ్‌లు వచ్చినా అవి ప్రధానంగా ప్రభుత్వ కేటాయింపులే. 2011 వరకు సామాన్యుడు స్వేచ్ఛగా కొనుగోలు, అమ్మకం చేయదగినవి విప్లవానికి పూర్వపు కార్లు మాత్రమే. 2014లో ప్రత్యేక అనుమతి లేకుండా కొత్త కారు కొనే వీలు కలిగింది. కాని అప్పుడు ఒక పెజో 508కు కట్టిన ధర సుమారు 2,62,000 డాలర్లు! ప్రభుత్వోద్యోగి సగటు నెల జీతం నాడు ఇంచుమించు 20 డాలర్లు. ఇక తాత కొన్న కారును తండ్రి, తండ్రి నడిపిన కారును కొడుకు కాపాడుకొనక గత్యంతరమేమున్నది?

ఆ కాపాడుకోవడం ఎక్కడ జరుగుతున్నదో చూడాలంటే ప్రధాన వీధులు విడిచి లోపలికి వెళ్లాలి. వెదాదో వంటి పేటలలో పాత ఇళ్ల పక్కన కారు షెడ్లు ఉన్నాయి. సెంత్రో హవానా ఇరుకు ఇళ్లకు ఆ భాగ్యం లేదు. అక్కడ ఇంటి ముందరి వీధే షెడ్డు. పైకెత్తిన బానెటు కింద రెండు తలలు - ఒకటి నెరసినది, ఒకటి నల్లనిది.

పిల్లవాని విద్య టార్చి దీపం పట్టుకోవడంతో ఆరంభమవుతుంది. తరువాత జిడ్డు పట్టిన నట్లను కడగడం, ఆపైన అడిగిన పానా అందించడం. ఇది చిన్న పరీక్ష కాదు. అమెరికన్ కారు బోల్టులు అంగుళాల లెక్కలోవి. దానిలో ఇమిడ్చిన సోవియట్ యంత్రభాగాలవి మిల్లీమీటర్ల కొలతలు. ఒకే కారుకు రెండు జాతుల పానాలు కావాలి. 1954 వరకు వచ్చిన షెవ్రొలేలది 6 వోల్టుల విద్యుత్తు; 1955 నుండి 12 వోల్టులు. ఏ కారులో ఏ తరం ఏమి మార్చిందో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది తండ్రి జ్ఞాపకంలో ఉంటుంది. పక్కన నిలబడినవారికే అబ్బుతుంది.

1991లో సోవియట్ యూనియన్ అంతరించిన తరువాత చమురుకు తీవ్రమైన కరువు వచ్చింది. పెట్రోలును విపరీతంగా తాగే పాత ఇంజన్లను దించి ఎందరో డీజిలు ఇంజన్లు అమర్చుకున్నారు. విశాలమైన బానెటు, దృఢమైన ఛాసీ అందుకు అనుకూలించాయి. దొరకని భాగాన్ని లేతు మిషను మీద తరిపిస్తారు. సముద్రపు ఉప్పుగాలికి తిన్న రేకును కోసి, అతికి, లప్పం పూస్తారు. ఈ ఉపాయానికి వారి వాడుక మాట ‘రెసొల్వేర్’. పరిష్కరించుట అని అర్థం. ఉన్నదానితో నెట్టుకురావడమని భావం.

2018 డిసెంబరులో సెల్‌ఫోనుకు ఇంటర్నెట్టు వచ్చాక ఈ గురుశిష్య సంబంధం కొంత తిరగబడింది. తండ్రి ఎన్నడూ చూడని విద్యుత్తీగల పటాన్ని కొడుకో కూతురో వెదకి చూపగలుగుతున్నారు. అయినా ఇంజను చప్పుడు విని జబ్బు పసిగట్టే చెవి మాత్రం పెద్దలదే.

ఈ పరంపరకు నేడు వచ్చిన ఆపద తుప్పు కాదు. 2024 మార్చి 1న లీటరు సాధారణ పెట్రోలు ధర 25 పెసోల నుండి 132 పెసోలకు పెరిగింది. అదే సంవత్సరం అక్టోబరులో దేశమంతటా విద్యుత్తు ఆగిపోయింది. 2021 తరువాత లక్షలాది క్యూబన్లు దేశం విడిచిపోయారు; వారిలో పనిచేసే వయసువారే అధికం. విడిభాగం లేకపోతే తరిపించుకోవచ్చు. దీపం పట్టే చేయి లేకపోతే ఎక్కడ తరిపించడం?

కొందరు బిడ్డలు వెళ్లిన చోటి నుండి గ్యాస్కెట్టో, బేరింగులో వచ్చేపోయే వారిచేత పంపుతారు. ఏ కారుకు ఏ సైజు కావాలో వారికి ఎవరూ రాసి పంపనవసరం లేదు. చిన్ననాట నట్లు కడిగిన వేళ్లకు ఆ కొలత తెలుసు. కారు హవానాలోనే ఉండిపోయినా, తాత సంపాదించిన ఆ విద్య మాత్రం సముద్రం దాటి కూడా మనుమడి చేతిలోనే ఉన్నది.