రెండు చందనాలు

ప్రొద్దుటూరులో మా అమ్మ దేవుని గూటిలో రెండు చెక్కముక్కలు ఉండేవి. తెల్లనిదానిని సానపై అరగదీస్తే ఇల్లంతా పరిమళించేది. ఎర్రనిది వేసవిలో సెగగడ్డలకు పట్టు వేయడానికే బయటికి వచ్చేది. రెండింటినీ అమ్మ చందనమనే పిలిచేది కనుక అవి అక్కచెల్లెళ్ళని చాలాకాలం నమ్మాను.

నిజానికి వాటి చుట్టరికం బహుదూరపుది. ఎర్రచందనం కంది, కానుగల కుటుంబానికి చెందినది. పసుపుపచ్చని పూలు, చుట్టూ రెక్క కట్టిన కాయలు. చేవలో రంగే తప్ప పరిమళం లేదు. శ్రీగంధం కుటుంబమే వేరు. పచ్చని ఆకులుండి కూడా పక్క చెట్ల వేళ్ళనుండి నీటిని, లవణాలను పీల్చుకుంటుంది. (పరాన్నజీవి అనగానే నులిపురుగులు గుర్తుకు వచ్చే నావంటి వైద్యునికి ఇది కొత్త మర్యాద.)

ఎర్రచందనానికి మన శేషాచలం, పాలకొండ, లంకమల, వాటి ఇరుగుపొరుగు కొండలే పుట్టినిల్లు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018లో దాని ముప్పు కొంత తగ్గినట్లు లెక్కించి, 2021లో తిరిగి అంతరించిపోతున్న జాతుల వరుసలో చేర్చింది. రోగి కోలుకున్నాడని ఇంటికి పంపి, మళ్ళీ వార్డులో చేర్చుకున్నట్లుంది. ఇంకా ఎక్కువ నేలపై విస్తరించిన శ్రీగంధం దానికి ఒక మెట్టు కింద, ముప్పు పొంచి ఉన్న జాతిగా 1998 నుండి అక్కడే ఉంది. వేళ్ళలోనూ నూనె ఉండటంతో దొంగలు దానిని సమూలంగా పెకలిస్తారు. నరికిన ఎర్రచందనం మోడు చిగురిస్తుంది గాని, ఆ చిగురులో చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

పేరు చేసే చేటు నాకు ఒక రైతు వల్ల తెలిసింది. ఆయనది పులివెందుల దగ్గరి పల్లె. జమ్మలమడుగు బంధువెవరో చెప్పగా, ఎర్రచందనం గ్లాసులో రాత్రంతా నిలిపిన నీళ్ళు తాగుతూ షుగరు మాత్రలు మానేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి కాలి పుండు ఎముకను తాకింది. రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది.

"చందనమంటే చలవ కదా సార్, చెరుపు చేస్తుందా?" అన్నాడు.

మధుమేహానికని సంప్రదాయంగా వాడే గ్లాసు వేగిస చెక్కది, ఎర్రచందనానికి దగ్గరి బంధువు. ఆ గ్లాసైనా మాత్రలకు బదులు కాదని వివరించాను. తలూపి, తన గ్లాసును నా బల్లపై పెట్టి వెళ్ళాడు. అది ఏ కొండ చెట్టో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.