ఒక్కపూటైనా మూయని రోడ్డు

శ్యామ్‌బజార్ అయిదు రోడ్ల కూడలి నుంచి ఉత్తరంగా పోయే బారక్‌పూర్ ట్రంక్ రోడ్డును కలకత్తాలో ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. బీటీ రోడ్డు అంటే చాలు. కంపెనీ దొరలు తమ కంటోన్మెంటుకు వేసుకున్న దారి ఇది. మొత్తం ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు గానీ, దూరం చూసి మోసపోకూడదు. 78 నంబరు బస్సెక్కితే కండక్టరు తలుపు మీద చరుస్తూ కేకలు వేస్తూనే ఉంటాడు, బస్సు మాత్రం కదలదు.

మొదట వచ్చేది టాలా. ఇక్కడి పాత వంతెనను 2020లో కూల్చేశారు, కొత్తది 2022 సెప్టెంబరులో తెరిచారు. పక్కనే ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన టాలా నీళ్ల ట్యాంకు 1911 నుంచీ ఊరికి నీళ్లిస్తోంది. బారక్‌పూర్‌కు అవతల ఉన్న పల్తాలో గంగ నీళ్లు శుద్ధి అయి, ఈ రోడ్డు వెంటే గొట్టాల్లో దక్షిణానికి వస్తాయి. మనం అటు వెళ్తుంటే నీళ్లు ఇటు వస్తున్నాయన్నమాట. ఈ దారి మీద నిలవకుండా సాగేవి అవొక్కటే.

బరానగర్‌లో భారత గణాంక సంస్థ గేటు కనిపిస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, 1941లో కలకత్తా వచ్చి ఆ సంస్థలో చేరిన సి.ఆర్.రావు గారి గురించి ఆగి మాట్లాడుకోవచ్చు. కానీ నా ధ్యాస ఆ తర్వాతి కూడలి మీద ఉంది.

ఆ కూడలి పేరు డన్‌లప్. దక్షిణేశ్వరం వెళ్లే భక్తులు ఇక్కడే ఎడమకు తిరుగుతారు. టోటోల (బ్యాటరీ రిక్షాల) వాళ్లు రోజంతా 'డన్‌లప్' అనే అరుస్తుంటారు. ఆ పేరు జాన్ బాయ్డ్ డన్‌లప్‌ది. అతను బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. 1888లో కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి నింపిన రబ్బరు టైరు చేసి పేటెంటు తీసుకున్నాడు. మరుసటేడు మే నెలలో విల్లీ హ్యూమ్ అనే కుర్రాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ సైకిలు పందేల్లో గెలిచాడు. కంపెనీ డబ్లిన్‌లో పుట్టింది. 1936కల్లా అది హుగ్లీ అవతలి ఒడ్డున సాహాగంజ్‌లో కార్ఖానా పెట్టింది. ఆ కార్ఖానా మూతబడి ఏళ్లయింది, పేరు మాత్రం కూడలిలో ఉండిపోయింది.

సొంత గడ్డ మీద ఆ టైరు ఎక్కడ పరుగెత్తిందో చూస్తే ఈ రోడ్డు కథ బాగా అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో మామూలు రోడ్డును మూసి పందెం పెట్టడానికి చట్టం ఒప్పుకోలేదు. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపం 1904లో తన చట్టం తాను చేసుకుంది. ఉత్తర ఐర్లండ్ 1922లో ఆ పనే చేసి, ఆ ఏడే అల్‌స్టర్ గ్రాండ్ ప్రీ నడిపింది. ఇక రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, 1946లో, డబ్లిన్‌కు ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న స్కెరీస్‌లో వంద మైళ్ల మోటార్‌సైకిల్ పందెం మొదలైంది. పాలబండి నడిచే దారే ఆ పూటకు పందెపు దారి. గోడలు, గేట్లు, చెట్లు ఎక్కడివక్కడే. ఐరిష్ కుర్రాళ్లకు అలాంటి దారుల మీదే చేయి తిరిగింది.

వాళ్లలో ఎర్నీ లయన్స్ నాకు మరీ ఇష్టం. కిల్డేర్ రైతు. 1946 సెప్టెంబరులో ఐల్ ఆఫ్ మాన్‌లో, యుద్ధం తర్వాత మొదటి మాంక్స్ గ్రాండ్ ప్రీకి ట్రయంఫ్ బండితో వచ్చాడు. ఒక్క చుట్టు అరవై కిలోమీటర్లు, అంటే ఈ బీటీ రోడ్డుకు మూడింతల పైనే. అలాంటివి ఆరు చుట్లు. కంపెనీ పెద్ద ఎడ్వర్డ్ టర్నర్‌కు రేసులు గిట్టవు. అయినా ఫ్రెడ్డీ క్లార్క్ అనే ఇంజనీరు ఆ బండిని తయారు చేశాడు. యుద్ధంలో వైమానిక దళానికి కంపెనీ చేసి ఇచ్చిన జనరేటర్ల అల్యూమినియం సిలిండరు బ్లాకు తీసుకుని మోటార్‌సైకిల్ ఇంజన్‌కు తగిలించాడు. మామూలు ఇనుప బ్లాకు కన్నా తేలిక, వేడిని త్వరగా వదులుతుంది. జనరేటరుకు గాలి తొడుగు బిగించుకునే బుడిపెలు కూడా దాని మీద అలాగే ఉన్నాయి. ఆ రోజు వాన, కొండ మీద మంచు. నడుమ ఫ్రేము ముందు గొట్టం విరిగింది. లయన్స్ ఆగలేదు, గెలిచాడు. టర్నర్ అయిష్టం ఏమైందో గానీ, 1948లో ట్రయంఫ్ ఆ తరహా బండిని గ్రాండ్ ప్రీ పేరుతో అమ్మకానికే పెట్టింది. లయన్స్ అదే ద్వీపంలో జరిగే టీటీ పందేల్లో, 1949లో, వెలోసెట్ బళ్ల మీద జూనియర్‌లో రెండో స్థానం, సీనియర్‌లో మూడో స్థానం తెచ్చుకున్నాడు. డబ్లిన్‌లో పెరిగిన రెజ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది ఇంకో రకం అదృష్టం. 1952 సీనియర్ టీటీలో అతను గెలుపు గీత దాటుతుండగా నార్టన్ ప్రైమరీ చైను తెగింది. పది గజాల ముందు తెగి ఉంటే అతని కథ మరోలా ఉండేది.

మళ్లీ మన రోడ్డు మీదకొస్తే కామార్‌హాటీ, సోదేపూర్, ఖర్దా. తర్వాత టీటాగఢ్, జనపనార మిల్లులు. గంజాం, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల క్రితం కూలికి వచ్చిన తెలుగువాళ్ల లైన్లు ఇక్కడున్నాయి. షిఫ్టు మారే వేళ సైకిళ్లు, లారీలు, తోపుడు బళ్లు, మనుషులు అందరూ ఒక్కసారే రోడ్డెక్కుతారు. ఈ రోడ్డును పందెం కోసం ఒక పూట మూయమని అడగగల మొనగాడెవరు? మూస్తే మిల్లు ఆగుతుంది, మిల్లు ఆగితే కూలి పోతుంది. పంట పొలాల మధ్య దారి మూయడం వేరు, ఇది వేరు.

అందుకే కలకత్తా స్పీడు సరదా రోడ్డు మీద కాక, దాని చివరన ఉన్న బారక్‌పూర్‌లో తీరింది. 1857 మార్చిలో మంగళ్ పాండే తుపాకీ ఎత్తిన కంటోన్మెంటు ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి విమానాశ్రయం మిత్రపక్షాల చేతిలో ఉండేది. తర్వాత 60లలో, 70లలో బారక్‌పూర్ రేసులంటే దేశంలో పేరు. దక్షిణాన మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం కూడా అలాంటిదే, యుద్ధపు రన్‌వే. ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ సైతం యుద్ధకాలంలో బాంబర్ల స్థావరమే. మనకు అబ్బింది ఈ ఇంగ్లీషు పద్ధతి, ఐరిష్ పద్ధతి కాదు. రన్‌వే తిన్నగా, వెడల్పుగా ఉంటుంది. ఇంజను సత్తా తేలుతుంది గానీ, గోడ వారగా వాన తడిలో మలుపు తిప్పే విద్య అక్కడ రాదు. లయన్స్ లాంటి వాడు కలకత్తాలో పుట్టి ఉంటే ఎక్కడ నేర్చుకునేవాడు? తెల్లారుజామున, పోలీసులు కునికే గంటలో, ఈ బీటీ రోడ్డు మీదే దొంగచాటుగా.

షోలవరం తర్వాత మద్రాసు వాళ్లు 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. బారక్‌పూర్ తర్వాత కలకత్తాకు ట్రాక్ రాలేదు. బీటీ రోడ్డు చిరియామోడ్ దగ్గర అయిపోతుంది. అక్కణ్ణుంచి ఘోష్‌పాడా రోడ్డు అందుకుని, పల్తా మీదుగా నైహాటీ, కాంచ్రాపాడా వైపు సాగిపోతుంది.