వలిసె పూలు చూసి వచ్చాం



గత నవంబరులో నా భార్యకు మెడ దగ్గర చిన్న గడ్డ కనిపించింది. విశాఖపట్నం తీసుకువెళ్తే డాక్టరు గారు సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. "సోమవారం రిపోర్టు వస్తుంది, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. అలాంటి రిపోర్టు కోసం ఎదురుచూసినవాళ్లు మీలో ఉన్నారు. ఆ రోజులు ఎలా గడుస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. పగలు ఇద్దరం ఏమీ జరగనట్టే తిరిగాం. రాత్రి ఆమె నిద్రపోయిందని నేనూ, నేను నిద్రపోయానని ఆమె అనుకుంటూ ఇద్దరం మేలుకునే ఉన్నాం.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో మీలో ఎవ్వరికీ ఈ విషయం చెప్పలేదు. మీ ఇళ్లకు వచ్చి చింతపడవద్దని చెప్పేవాణ్ణి నేనే. ఆ కాపరి ఇంట్లోనే భయం ఉందని తెలిస్తే మీరు ఏమనుకుంటారో అని ఆగిపోయాను. అది విశ్వాసం కాదు, పరువు. అప్పుడు నాకు తెలియలేదు.

బుధవారం సాయంత్రం మన సంఘంలో పెరిగి ఇప్పుడు అమెరికాలో ఉంటున్న ఒక చెల్లి వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. వాళ్ల వీధిలో మేపుల్ చెట్లు ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, ఒకటి నారింజ. నా భార్య చాలాసేపు వాటినే చూసింది. "మన చెట్లు ఇలా రంగు మారవేమండీ?" అంది.

"మనకి ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో కదా. ఇప్పుడు మన దగ్గర రంగు మారేవి పొలాలే. అరకులో వలిసెలు పూసి ఉంటాయి" అన్నాను.

"పెళ్లయి ఇరవై ఏళ్లయింది. అరకు మనకి నూరు కిలోమీటర్లు కూడా లేదు. ఏటా వచ్చే ఏడాది అంటారు" అంది. కోపంగా అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది. నిజమే. ఒక ఏడాది కోతల పండుగ, ఒక ఏడాది సువార్త కూటాలు, ఇంకో ఏడాది ఎవరింట్లోనో మరణం. ఇవన్నీ ముఖ్యమైన పనులే. కానీ ఆ సాయంత్రం 'వచ్చే ఏడాది' అనే మాట నా నోటికి రాలేదు.

మా అక్క కొడుకు వ్యవసాయ కళాశాలలో చదువుతున్నాడు, సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాడు. వాడికి ఫోన్ చేశాను. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ల నాన్నగారి కారుతో గుమ్మం ముందు ఉన్నాడు.

ఎస్.కోట దాటేసరికి తూరుపు తెల్లబడింది. రోడ్డుకు రెండు పక్కలా వరి పండి బంగారు రంగులో ఉంది. కొన్ని మడుల్లో మాత్రం వానలకు పడిపోయి నేలకు అంటుకుని ఉంది. ఆ పొలాల్ని చూస్తుంటే మీరు గుర్తొచ్చారు. మన వాళ్లు పడిపోయిన చేను లేపి కట్టలు కట్టుకుంటుంటే అయ్యగారు కారులో పూలు చూడటానికి వెళ్తున్నాడే అని నాకు నేనే సిగ్గుపడ్డాను.

బొడ్డవర దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. దారిలో అమెరికా ఆకుల సంగతి వచ్చింది. "ఆ పసుపు అప్పుడు కొత్తగా వచ్చేది కాదు మామయ్యా. మొదటినుంచీ ఆకులో ఉంటుంది. పగలు తగ్గి చలి మొదలయ్యేసరికి చెట్టు పత్రహరితం తయారు చేయడం మానేస్తుంది. ఆ పచ్చ పోయాక లోపలి పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడే తయారవుతుంది" అని మేనల్లుడు చెప్పాడు. వెనక సీట్లోంచి నా భార్య, "అయితే పోవలసింది పోతేనే ఉన్నది కనబడుతుందన్నమాట" అంది. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

పైకి వెళ్తున్నకొద్దీ మంచు కమ్మేసింది. పది అడుగుల ముందు ఏముందో కనిపించలేదు. అనంతగిరి దగ్గర టీ దుకాణం ముందు బండి ఆపాం. అంత దూరం వచ్చి మంచు తప్ప ఏమీ చూడలేకపోతున్నామని నేను విసుక్కుంటున్నాను. ఆమె గ్లాసు పట్టుకుని పక్కనున్న కంచె దగ్గరకు వెళ్లి, "ఏమండీ, ఇటు రండి" అని పిలిచింది.

కంచె పొడుగునా సాలెగూళ్లు. ఒకటి రెండు కాదు, కర్రకూ కర్రకూ మధ్య, తీగకూ గడ్డికీ మధ్య ఎక్కడ చూస్తే అక్కడే. ప్రతి పోగు మీదా మంచు బొట్లు వరుసగా కూర్చుని ఉన్నాయి. చాలాసేపు చూస్తూ నిలబడ్డాం, టీ చల్లారిపోయింది. కాసేపటికి మంచు పలచబడి ఎండ పడింది. పావుగంటలో బొట్లన్నీ ఆరిపోయాయి. గూళ్లు అక్కడే ఉన్నాయి గానీ వెతికితే తప్ప కళ్లకు కనబడటం లేదు. నేను విసుక్కున్న మంచే మాకు వాటిని చూపించింది.

మనుషులెవ్వరూ లేని అడవి మీద కూడా తానే వాన కురిపిస్తానని దేవుడు యోబుతో అంటాడు. యోబు గ్రంథం 38వ అధ్యాయం మరోసారి చదవండి. ఎవరూ చూడని కంచె మీద ప్రతి తెల్లవారుజామునా ఈ పని జరుగుతూనే ఉంది. మేము చూసినా జరుగుతుంది, చూడకపోయినా జరుగుతుంది.

అక్కడినుంచి పైన కాఫీ తోటలు. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివాను గానీ చెట్టు మీద కాఫీ పండును చూడటం అదే మొదటిసారి. ఒకే కొమ్మ మీద కొన్ని కాయలు ఆకుపచ్చ, కొన్ని పసుపు, కొన్ని ఎరుపు. కోసేవాళ్లు ఎర్రటివి ఒక్కొక్కటే ఏరుకుంటున్నారు. పచ్చివి వదిలేసి వాటికోసం మళ్లీ వస్తారట. ఒకే కొమ్మే అయినా అన్నీ ఒకే రోజు పండవు. మన సంఘంలో కొందరి విషయంలో నేను పడే తొందర నాకు గుర్తొచ్చింది.

గాలికొండ దాటి లోయలోకి దిగాక వలిసెలు కనిపించాయి. కొండవాలు మీద పసుపు ఆరబోసినట్టు ఉంది. రోడ్డు పక్క చేను దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చేలోకి దిగి ఫొటోలు తీసుకోవాలంటే మనిషికి ఇరవై రూపాయలు. "గట్టు మీంచి నడు బాబూ, మొక్క తొక్కకు" అంది.

"అక్కా, వీటికి నీళ్లు ఎలా పెడతారు?" అని అడిగాను.

నవ్వింది. "నీళ్లు కట్టేదేముంది బాబూ. వానకి మొలుస్తాది, మంచుకి పెరుగుతాది. సంక్రాంతిలోగా కోసేస్తాం. గింజ నూనెకి, ఎండిన కంప పొయ్యిలోకి."

పొయ్యిలోకి అనే మాట వినగానే నిలబడిపోయాను. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట అదే కదా. ఇవాళ పొలంలో ఉండి రేపు పొయ్యిలో పడే గడ్డిని కూడా దేవుడు అంత అందంగా అలంకరిస్తే, మిమ్మల్ని మరిచిపోతాడా అని ఆయన అడిగాడు. ఆ భాగం మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. సెమినరీలో చదువుకున్న రోజుల్లో దాని మీద ఒక వ్యాసం కూడా రాశాను. పువ్వుల గురించి అక్కడ ప్రభువు వాడిన మాటకు గ్రీకులో కేవలం 'చూడండి' అని కాదు, 'శ్రద్ధగా గమనించి నేర్చుకోండి' అనే భావం ఉంది. ఆ సంగతి రాసినందుకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఇరవై ఏళ్లలో ఆ ఆజ్ఞ ప్రకారం ఒక్క పువ్వు ముందైనా కూర్చోలేదు. చింతపడవద్దు అన్న మాట ప్రకటించాను, పువ్వును గమనించమన్న మాట వదిలేశాను. ప్రభువు ఆ రెండూ కలిపే చెప్పాడు.

గట్టు మీద కూర్చున్నాను. ఒక పువ్వు దగ్గరకు ముఖం పెట్టి లెక్కపెట్టాను. చుట్టూ ఎనిమిది రేకులు. నా భార్య ఇంకో పువ్వు లెక్కపెట్టింది. దానికీ ఎనిమిదే. మధ్యలో బొడిపెలా ఉన్నది దగ్గరగా చూస్తే నిండా చిన్న చిన్న గొట్టాలు. "అది ఒక్క పువ్వు కాదు అత్తయ్యా, పొద్దుతిరుగుడు లాంటిదే. మధ్యలో ఉన్న ఒక్కొక్కటీ ఒక పువ్వు, ఒక్కొక్కదానికీ ఒక గింజ" అన్నాడు మేనల్లుడు. వలిసెల్ని వెర్రి నువ్వులు అని కూడా అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అందులో వెర్రితనం నాకేమీ కనిపించలేదు.

ఎండ వేడెక్కేసరికి తేనెటీగలు వచ్చాయి. చేనంతా రొద. "ఇవి రాకపోతే గింజ సరిగా కట్టదు మామయ్యా. ఈ మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరాలి. దానంతట అది ఒంటరిగా గింజ పట్టే రకం కాదిది" అన్నాడు వాడు.

ఆ మాట వాడు పంట గురించే చెప్పాడు. నాకు మాత్రం వారం రోజులుగా తలుపులు మూసుకుని భయపడుతున్న నా ఇల్లు కనిపించింది. ఒకరి భారం ఒకరు మోయాలని మీకు బోధిస్తూ, నా భారం మీకు అందకుండా దాచుకున్నాను. ఆ గట్టు మీదే నా భార్యను అడిగాను: "ఆదివారం సంఘంలో చెబుదామా?" ఆమె కళ్లు తుడుచుకుని, "నేను మొదటి రోజునుంచీ అదే అనుకుంటున్నాను" అంది.

తిరుగు ప్రయాణంలో ఆమె కారులో హాయిగా నిద్రపోయింది. అన్ని రోజుల తర్వాత అదే మొదటి నిద్ర. రిపోర్టు ఇంకా రాలేదు. గడ్డ అలాగే ఉంది. ఏదీ మారలేదు. కానీ నిద్ర పట్టింది.

ఆదివారం ఆరాధనలో చెప్పాను. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. మీరందరూ ముందుకు వచ్చి మా చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. అందరికంటే ముందు లేచి నా భార్య భుజం మీద చెయ్యి వేసిన సహోదరిని నేను మరిచిపోలేను. సోమవారం రిపోర్టు వచ్చింది. భయపడవలసింది ఏమీ లేదన్నారు. దేవునికి స్తోత్రం.

ఇక్కడితో ముగిస్తే మంచి సాక్ష్యమే అవుతుంది. కానీ నిజం ఇక్కడితో ముగియలేదు. మూడు వారాల తర్వాత, మొదట లేచి వచ్చిన ఆ సహోదరికే పరీక్షలు చేస్తే, ఆమె రిపోర్టు వేరుగా వచ్చింది. ఇది ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మా రిపోర్టు బాగా వచ్చింది కాబట్టి దేవుడు మంచివాడు అని నేను మీకు చెప్పి ఉంటే, ఆమె గుమ్మంలో నేను ఏ ముఖంతో నిలబడాలి? మేము కొండ మీద కృతజ్ఞత చెప్పింది రిపోర్టు రాకముందు. దేవుడు మంచివాడని మాకు తెలిసింది సోమవారం కాదు, గురువారం.

ఆమెను చూడటానికి ఇద్దరం వెళ్లాం. మందుల వల్ల నీరసంగా మంచం మీద ఉంది. అలవాటు ప్రకారం బైబిలు తెరిచాను. ఆమె చెయ్యి ఎత్తి, "అయ్యగారూ, వాక్యం తర్వాత చదువుదురుగాని. అరకులో పూలు చూశారంట కదా, అవెలా ఉన్నాయో చెప్పండి" అంది.

చెప్పాను. కంచె మీద సాలెగూళ్ల గురించి, ఒకే కొమ్మ మీద మూడు రంగుల కాఫీ కాయల గురించి చెప్పాను. వలిసె పువ్వుకు ఎనిమిది రేకులని చెబితే వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మధ్యలో ఉన్న ఒక్కొక్కటీ ఒక పువ్వేనంటే, "అంత చిన్నదానికి అంత పనా!" అని నవ్వింది. ఆ రోజు ఆ గట్టు మీద కూర్చోకపోయి ఉంటే ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

"కోసేసి ఉంటారా ఇప్పటికి?" అని అడిగింది.

"కోసేసి ఉంటారమ్మా."

"మళ్లీ నవంబరుకి పూస్తాయి కదా?"

"పూస్తాయి" అంది నా భార్య, ఆమె చెయ్యి పట్టుకుని. "ఈసారి నలుగురం వెళ్దాం."

ప్రియులారా, ఈ వారం మీకు ఒక చిన్న పని. అరకు వెళ్లనక్కరలేదు. మీ గట్టు మీద గడ్డిపువ్వో, మీ దడి మీద బీరపువ్వో, ఏదో ఒకటి ఎంచుకుని దాని ముందు పది నిమిషాలు కూర్చోండి. రేకులు లెక్కపెట్టండి. అది కూడా ప్రభువు చెప్పిన పనే. చూసింది ఇంట్లో ఉండిపోయిన వాళ్లకు, మంచం మీద ఉన్నవాళ్లకు వెళ్లి చెప్పండి. మీ ఇంట్లో భయం ఉంటే దాచుకోకండి, మాకు చెప్పండి. ఆ సహోదరి కోసం ప్రతిరోజూ ప్రార్థన చేయండి.

పరలోకమందున్న మా తండ్రీ, మేము చూడకుండా దాటిపోయిన వాటన్నిటి కోసం మమ్మల్ని క్షమించు. రేపటి కబురు ఏదైనా, ఈ రోజు నువ్వు పరిచిన వాటిని చూసే కన్నులు దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.