అబ్బా ఖబర్ మీద రాయి

మొన్న షబే బరాత్ రాత్రి హనుమాన్ జంక్షన్ ఖబరస్తాన్‌లో అబ్బా ఖబర్ దొరకలేదు నాకు. పోయి తొమ్మిదేళ్లు. మట్టి కుంగిపోయింది, గడ్డి మొలిచింది. గురుతు పెట్టుకున్న వేపచెట్టు కొట్టేశారు. అందాజుగా ఓ చోట నిలబడి ఫాతిహా చదివి వచ్చేశాను. దుఆ చేరడానికి అడ్రసు అక్కర్లేదని తెలుసు. అయినా దిల్‌కి కరార్ లేదు.

కత్బా పెట్టిద్దామంటే ఇంట్లో బహస్. "ఖబర్ పక్కా చేయడం, దానిమీద రాయించడం మనా ఉందిరా" అన్నారు మామూ. నిజమే, హదీసు ఉంది. కానీ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) ఖబర్ తలవైపు, గుర్తుండడానికి రసూలుల్లా (స) స్వయంగా ఓ రాయి పెట్టారని అబూ దావూద్‌లో రివాయత్ కూడా ఉంది.

ఆ వారమే డబ్లిన్‌లో చదువుకుంటున్న మావాడు ఒక ఫోటో పంపాడు. మొనాస్టర్‌బాయిస్ అనే చోట 18 అడుగుల రాతి శిలువ, వెయ్యేళ్లు దాటినది. మనకెందుకురా అనబోయి ఆగాను. దానిమీద ఆదం-హవ్వా, హాబిల్-ఖాబిల్, దావూద్-జాలూత్, బండని కొట్టి నీళ్లు తెప్పిస్తున్న మూసా. అన్నీ అమ్మీ చెప్పిన కిస్సాలే! అడుగున ఇంకో మాట: ఈ శిలువ చేయించిన మ్యూరెడాక్ కోసం దుఆ చేయమని. అదీ లాటిన్‌లో కాదు, వాళ్ల ఇంటి జబాన్‌లో.

అసలవి ఖబర్ రాళ్లు కావట, మఠాల్లో నిలబెట్టినవి. తర్వాత వందల ఏళ్లు ఆ పనితనాన్ని జనం మరిచిపోయారు. 19వ శతాబ్దంలో, ఇంగ్లీషువాళ్ల హుకూమత్ కింద, మళ్లీ మొహబ్బత్ పుట్టింది. 1853 డబ్లిన్ ఎగ్జిబిషన్‌లో వాటి అచ్చులు పెట్టారు. ఆ తర్వాత ఐర్లండ్ వాళ్లు ఏ దేశం పోయినా సమాధుల మీద ఆ శిలువే, తమ నిషానీగా.

మనకీ ఉందిగా అలాంటిది. గోల్కొండలో 1543లో పోయిన సుల్తాన్ కులీ ఖబర్ నల్లరాతి మీద, జనం పిలుచుకున్న 'బడే మాలిక్' అనే పేరు చెక్కారు. ఆ గుంబజుల మీద ఎవరెవరో పూసిన సిమెంటుని గీకేసి, ఆగాఖాన్ ట్రస్టు మేస్త్రీలు మళ్లీ పాత పద్ధతిలో సున్నం వేశారు. 2013లో మొదలైన పని 2024కి పూర్తయింది.

మా అబ్బా సుల్తాను కాదు. హైవే పక్కన పంక్చర్లు వేసేవాడు. జంక్షన్ మొత్తానికి 'టైర్ల సాయిబు'.

"ఆయత్ వద్దు, బేఅదబీ అవుతుంది. పేరు చాలు" అని మామూ చివరికి మెత్తబడ్డారు. ఏ లిపి? నా పిల్లలకి ఉర్దూ చదవడం రాదు. తెలుగులోనే రాయించాం: పేరు, కింద 'టైర్ల సాయిబు', ఆ కింద 'దుఆ చేయండి'.

రాయి పాతే రోజు ముసలి గోర్కన్ చాచా వచ్చి, గోడ నుంచి అడుగులు లెక్కేసి చోటు చూపించాడు. ఆ రాత్రి నేను ఫాతిహా చదివింది రెండు ఖబర్ల అవతల. చాచాకి డెబ్భై దాటాయి. ఆ లెక్క ఆయన ఒక్కడికే తెలుసు.